కారేది ఒకచోట, కారణం ఇంకోచోట

మొన్న శుక్రవారం ఆఫీసులో డేటాబేస్ కొత్త వెర్షన్‌కి మారాం. సోమవారం నుంచి అప్లికేషన్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. మీటింగులో అందరిదీ ఒకటే మాట, "కొత్త వెర్షన్ బాగాలేదు, వెనక్కి పోదాం" అని. నాకేమో మా నాయన లారీ గుర్తొచ్చింది. అక్కడ చెబితే నవ్వుతారని నోరు మూసుకున్నా. ఇక్కడైతే చెప్పొచ్చు కదా :)

మాది కర్నూలు జిల్లా కోడుమూరు. నాయనకి ఒక టాటా 1210 లారీ ఉండేది. సీజన్లో ఉల్లిగడ్డలు వేసుకుని తాడేపల్లిగూడెం మార్కెట్టుకి, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే ఆ లోడు. నా ఇంజనీరింగ్ ఫీజులన్నీ ఆ లారీ కట్టినవే. 2010లో దాని ఇంజన్ చేతులెత్తేసింది. "అమ్మేయి నాయనా, ఇంక చాలు" అన్నాను బెంగళూరు నుంచి. ఆయన వినలేదు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఒకటి బేరమాడుకొచ్చాడు. డబ్బులు తక్కువ పడితే నేనే పంపించా. ఊరికే పంపించానా, నాలుగు మాటలు కూడా అన్నా.

పాతది 692, కొత్తది 697. ఈ నంబర్ల వెనక ఒక లెక్క ఉంది, మనవాళ్ళకి నచ్చుతుంది. మొదటి అంకె సిలిండర్లు ఎన్నో చెబుతుంది, మిగతా రెండూ సిలిండర్ బోరు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్లు పోయి 97 వచ్చిందన్నమాట. వెర్షన్ నంబర్ అంటే అలా ఉండాలి, చూడగానే ఏం మారిందో తెలియాలి.

వినాయక చవితికి ఊరికెళ్ళినప్పుడు నేనూ వెంట ఉండి కర్నూలు నుంచి ఇంజన్‌ని ట్రాలీలో తెచ్చాం. దారంతా దుమ్ము. పట్ట కప్పాం, కనబడ్డ బొక్కలకల్లా గుడ్డలు కుక్కాం. పండగైంది, నేను బస్సెక్కేశా. నాయన, క్లీనరు పిల్లాడు, ఇంకో ఇద్దరు కలిసి ఇంజన్ బిగించారు. పాత ఇంజన్‌ని తుక్కు కింద అమ్మేశారు. ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు కూడా ఎక్కించేశారు. మన భాషలో చెప్పాలంటే, ఇక రోల్‌బ్యాక్ లేదు.

మొదటి లోడే ఉల్లిగడ్డలు. నంద్యాల దాటి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కుతుంటే బండి దమ్ము పట్టలేకపోయింది. మిస్సింగ్ కొడుతోంది, ఆగిపోతోంది, మళ్ళీ స్టార్టవుతోంది. ఆయిలు ధారగా కారుతోంది. ఎట్లాగో గూడెం చేరారు గానీ ఒకరోజు ఆలస్యం, పైగా దారిలో వాన. గడ్డ మెత్తబడి రేటు సగానికి పడింది. ఆ రాత్రి నాయన ఫోన్ చేసి "మోసపోయినట్టుండాం రా" అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

నేనేం చేశానో చెబితే సిగ్గేస్తుంది. బెంగళూరులో కూర్చుని, ఫోన్లోనే తీర్పు ఇచ్చేశా. ఇంజన్ అమ్మినవాడు మోసగాడు, రింగులు అరిగిన సరుకు అంటగట్టాడు. గేర్‌బాక్సు ముందర బెల్ హౌసింగ్ కింద కారుతోందంటే క్రాంకు వెనక సీలు పోయింది, గేర్‌బాక్సు దించాల్సిందే. ఇంకోటి, "ఆ పిల్లోడు ఏదో సరిగ్గా బిగించి ఉండడు, వాణ్ణి మాన్పించు" అని. నాయన ఏ కళనున్నాడో, వాణ్ణి రావద్దన్నాడు.

పది పన్నెండు రోజులకి నేను ఊరికెళ్ళా. నాయన ఒక పాత మేస్త్రీని పిలిపించాడు. నా చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషే. నేను నా తీర్పంతా మళ్ళీ చదివా. ఆయన బీడీ ఆర్పి, "అది సరేగానీ అప్పా, ఏమేం ఇప్పినారు, ఏమేం బిగించినారు? మొదుట్నించి చెప్పు" అన్నాడు. చెప్పడానికి నాకేం తెలుసు? నాయన చెప్పాడు.

ఇంజన్ స్టార్ట్ చేయించి, నాజిళ్ళకి పోయే ఆరు పైపుల నట్లని ఒక్కోటీ వదులు చేసి మళ్ళీ బిగించాడు. వదులు చేసిన ప్రతిసారీ ఇంజన్ చప్పుడు పడిపోయింది. "ఆరూ పనిజేస్తాండాయి. ఒగటి సచ్చింటే దాన్ని ఇప్పినా ఇంజన్‌కు తెల్దు" అన్నాడు. అంటే తప్పు ఏ ఒక్క సిలిండర్‌దీ కాదు, ఆరింటికీ కలిపి వచ్చేదేదో సరిగ్గా రావడం లేదు. అదేమిటి? డీజిల్.

"డీజిల్ యాడా కారలేదే" అన్నాడు నాయన. మేస్త్రీ నవ్వాడు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే పైపు. తోసే పైపులో సందుంటే బయటికి కారుతుంది. పీల్చే పైపులో సందుంటే గాలి లోపలికి దూరుతుంది, చుక్క కూడా కింద పడదు. ఒక డబ్బాలో డీజిల్ పోసి క్యాబిన్‌కి వేలాడదీసి, అక్కణ్ణుంచి నేరుగా ఫీడ్ పంపుకి ట్యూబు పెట్టాడు. గాలి తీసి స్టార్ట్ చేస్తే, గడియారంలా నడిచింది! పాత ట్యూబు పొడుగు చాలక ఒకచోట అతుకేశారట, రాగి వాషర్లు కూడా పాతవే వాడారట. ట్యూబు, వాషర్లు మార్చడానికి రెండొందలు కూడా కాలేదు.

కానీ ఆయిలు కారుతూనే ఉంది. నేనేమో రెండిటికీ ఒకటే కారణం అనుకుంటూ కూర్చున్నా. మేస్త్రీ ఇంజన్ వెనక భాగమంతా డీజిల్‌తో కడిగి, తుడిచి, మొహానికి రాసుకునే పౌడరు చల్లాడు. పది నిమిషాలు నడిపి టార్చి వేసి చూస్తే, మొదట తడిసింది కింద బెల్ హౌసింగ్ కాదు. పైన ట్యాపెట్ కవరు వెనక మూల. అక్కణ్ణుంచి గోడ పట్టుకుని జారి కింద చుక్కలుగా పడుతోంది.

"అయితే గ్యాస్కెట్ పోయిందన్నమాట" అన్నా. నా తీర్పులకి కొదవ లేదు మరి.

"కొత్త గ్యాస్కెట్టే గదప్పా. ఎందుకు కక్కుతాంది?" అని ఆయిల్ పోసే మూత తిప్పాడు. బుస్సుమని ఒక్కసారి గాలి వచ్చి తగ్గిపోయింది. "రింగులు పోయింటే బుస్సుబుస్సుమని కొడతానే ఉంటాది. ఇది ఒగసారి ఊపిరిడిసి ఊరుకునె. ఎవురో దీని ముక్కు మూసినారు."

ఎంత మంచి ఇంజన్ అయినా కాస్త గ్యాసు రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి ఆయిల్ని బయటికి నెడుతుంది. మేస్త్రీ బండి కిందికి దూరి, కమ్మీ వంచి బ్రీదర్ పైపులోంచి ఒక నల్లటి గుడ్డ లాగాడు.

నాయన దాన్ని విప్పి చూశాడు. మా కంపెనీ పంచిపెట్టిన టీ షర్టు ముక్క. దుమ్ము పడకూడదని ట్రాలీలో కూర్చుని లోతుగా కుక్కింది నేనే.

"ఇది నీదే గదరా" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు. అంటే బాగుండేది.

సాయంత్రం క్లీనరు పిల్లాడి ఇంటికి వెళ్ళా. గుడ్డ సంగతి దాచకుండా చెప్పా. వాడు కాసేపు నేల చూసి "పోనీలేన్నా. రేపట్నించి రావాల్నా?" అన్నాడు. నాయన వాడికి ఆ రోజులన్నిటి కూలీ ఇచ్చాడు. కానీ ఆ పన్నెండు రోజులూ "బండి చెడగొట్టినోడు" అని ఊళ్ళో వాడు మోసిన మాటకి ఎంత ఇవ్వాలో ఎవరికీ తెలియదు. ఇంజన్ అమ్మినాయనకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పడం ఇంకో పెద్ద కథ.

ఇంజన్ మార్చాక ఏదైనా తేడా వస్తే మనం ఇంజన్నే అనుమానిస్తాం, లేదా మనకంటే చిన్నవాణ్ణి. తప్పు చాలాసార్లు అతుకుల్లో ఉంటుంది. ఆ అతుకులు వేసింది మన చేతులే.

రేపు ఆఫీసులో వెనక్కి పోదామా వద్దా అనే ముందు, శుక్రవారం ఎవరెవరం ఏమేం ముట్టుకున్నామో ఒక జాబితా రాద్దాం అంటాను. మొదటి వరసలో నా పేరే రాస్తాను.