నలుపులో ఎన్ని మెట్లు

మా అమ్మమ్మ ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి. తెల్ల జుట్టు, ముక్కుపుడక మెరుపు, పళ్లు. మిగతాదంతా ఒక నల్లటి ముద్ద. పెళ్లి గ్రూప్ ఫోటోల్లో ఆమె ఎప్పుడూ చివర్న, షామియానా నీడలో నిలబడుతుంది. "నేను ఫోటోల సక్కగ రాను బిడ్డా, వద్దుతియ్" అంటుంది. ఒకసారి నా ఫోన్లో బ్యూటీ మోడ్ పెట్టి తీస్తే ముఖమైతే కనపడింది గానీ ఆ ముఖం మా అమ్మమ్మది కాదు. ఎవరో బియ్యప్పిండి పూసుకున్న ఆవిడ.

వాళ్లది వాడపల్లి. నల్గొండ జిల్లాలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. బ్రిడ్జి దాటితే అవతల ఆంధ్ర. సెలవులకి వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ నన్ను లక్ష్మీనరసింహస్వామి గుడికి తీసుకెళ్లి గర్భగుడిలో రెండు దీపాలు చూపిస్తుంది. స్వామి ముఖం దగ్గరి దీపం రెపరెపలాడుతూనే ఉంటుంది, అది స్వామి ఊపిరికి అంటారు. కింద ఉన్న దీపం మాత్రం కదలదు. నేను చిన్నప్పుడు ఎక్కడినుంచి గాలి వస్తుందా అని కిటికీలు వెతికేదాన్ని. అమ్మమ్మ నెత్తి మీద ఒక్కటి వేసేది.

అసలు ఆమె ఫోటోలు ఎందుకట్లా వస్తాయో నాకు సెకండియర్లో అర్థమైంది. కెమెరా సెన్సర్ 12 బిట్లు ఇస్తుందనుకోండి. 4,096 మెట్లు. వినడానికి బోలెడు. కానీ సెన్సర్ లెక్క మొండిది, వెలుతురు సగమైతే అంకె కూడా సగమే. కాబట్టి బాగా వెలుతురున్న భాగమే 2,048 మెట్లు తినేస్తుంది. దానికి సగం వెలుతురున్న భాగానికి 1,024. తర్వాత 512, 256, 128. అమ్మమ్మ బుగ్గల దాకా వచ్చేసరికి 64, 32. పెళ్లి భోజనాల్లో చివరి బంతికి మిగిలిన కూరలాగ. ఆ మిగిలినదాన్ని ఫోన్ 256 మెట్ల జేపెగ్‌లోకి కుక్కుతుంది. చీకటికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తుంది నిజమే, కానీ ఫైలు చిన్నది చెయ్యడానికి అక్కడి సన్నటి తేడాలన్నీ ఇస్త్రీ చేసేస్తుంది. నేనొక ఫోటో తెరిచి పిక్సెల్స్ చూశా. అమ్మమ్మ ముంజేతి చర్మం 31. దాని మీది పచ్చబొట్టు 28. మూడు మెట్ల తేడా. కంటికేం కనపడుతుంది?

ఈ సంగతి కొత్తదేం కాదు. ఫిల్మ్ రోజుల్లో కోడాక్ ల్యాబులకి పంపే రంగుల కార్డు మీద తెల్లమ్మాయి బొమ్మే ఉండేది, దాన్ని బట్టే ప్రింట్ల రంగులు సరిచూసేవాళ్లు. ఆ కార్డుల్ని షర్లీ కార్డులంటారు. మా అమ్మమ్మ పెళ్లి ఫోటోకి స్టూడియోవాడు పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాడట. వాడూ తన పద్ధతిలో క్యాలిబ్రేషనే చేశాడు పాపం.

ఎక్కువ బిట్లు కావాలంటే ఏం చెయ్యాలని వెతుకుతుంటే స్కానింగ్ కెమెరాలు కనపడ్డాయి. మామూలు కెమెరా బొమ్మంతా ఒక్కసారే పట్టుకుంటుంది. ఇది ఒక్కో గీత పట్టుకుంటూ మెల్లగా జరుగుతుంది. అమెరికాలో బెటర్ లైట్ అనే కంపెనీ పెద్ద ఫిల్మ్ కెమెరా వెనక పెట్టే స్కానింగ్ బ్యాక్‌లు చేసింది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ తలా 14 బిట్లు. మ్యూజియంలు, లైబ్రరీలు వాడాయి. మన ఇస్రో ఉపగ్రహాల్లో లిస్ కెమెరాలదీ ఇదే కిటుకు, ఉపగ్రహం ముందుకి పోతుంటే గీత గీతగా నేల బొమ్మ వస్తుంది. 2003 నాటి రిసోర్స్‌శాట్-1లో లిస్-3 కెమెరా 7 బిట్లే ఇచ్చేది, 128 మెట్లు. 2011లో వెళ్లిన రిసోర్స్‌శాట్-2లో దాన్ని 10 బిట్లు చేశారు, 1,024. పైనుంచి చూస్తే నీళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. మూసీ నలుపుకీ కృష్ణ నలుపుకీ తేడా తెలియాలంటే ఆ మెట్లు కావాలి కదా.

వేలల్లో డాలర్లు నా దగ్గర లేవు. హాస్టల్లో ఎవరో వదిలేసిన ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది. మూత పీకేశా. లోపల సెన్సర్ మీద సన్నటి గాజు పుల్లల వరస ఒకటి ఉంటుంది, అది కాగితాన్ని మాత్రమే చూస్తుంది, దూరం చూడదు. దాన్నీ పీకేశా. ముందు ఒక అట్టపెట్టె, దానికి భూతద్దం. లోపలంతా నల్ల చార్టు. స్కానర్ తన లైటు వెలిగించి తనని తాను సరిచూసుకున్నాక ఆ లైటు మీద నల్ల టేపు. లైనక్స్‌లో స్కాన్‌ఇమేజ్ కమాండ్, డెప్త్ 16, మోడ్ గ్రే. రంగులు రావు, ఎందుకంటే ఇలాంటి స్కానర్లో రంగు దాని మూడు లైట్ల వల్లే వస్తుంది, సెన్సర్‌కి రంగు తెలీదు. నాకు ఫర్వాలేదు. 65,536 నలుపు తెలుపులు వస్తే చాలు.

నిజం చెప్పాలంటే అన్ని రాలేదు. భూతద్దం మూసేసి స్కాన్ చేస్తే అంతా సున్నా రావాలి. కానీ అంకెలు అటూ ఇటూ 40 దాకా ఊగుతున్నాయి. అంటే 16 బిట్లలో కింది అయిదు ఉత్త నాయిసే. ఫైలు మీద 16 అని రాసుంటే 16 కాదు. ఒకే బొమ్మని నాలుగుసార్లు తీసి సగటు చేస్తే నాయిస్ సగమవుతుంది, ఒక బిట్టు తిరిగొస్తుంది. కానీ ఒక్కో స్కాన్‌కి నిమిషం. గుడి స్తంభాన్నయితే నాలుగుసార్లు తియ్యొచ్చు. అమ్మమ్మని నాలుగుసార్లు ఒకేలా కూర్చోబెట్టడం ఆ నరసింహస్వామి వల్ల కూడా కాదు.

దసరాకి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లా. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, కొంగు సర్దుకుని, ఎడమ చెయ్యి తిప్పి ఒళ్లో పెట్టుకుంది. "గిది గూడ పడాలె" అంది, పచ్చబొట్టు చూపించి. అది తాత పేరు. పెళ్లయిన కొత్తలో జాతరలో పొడిపించుకుందట. ఇప్పుడు చర్మం ముడతలు పడి, అక్షరాలు కరిగి, మచ్చలాగా అయింది. "పోతున్నది బిడ్డా అది" అంది.

లెన్స్ బొమ్మని తలకిందులు చేస్తుంది కాబట్టి స్కానర్ ముందు ఆమె పాదాలు చూస్తుంది, చివరికి ముఖం. ముఖం దాకా వచ్చేసరికి ఎవరో గేటు దగ్గర పిలిచారు, తల తిప్పింది. ముక్కు రెండు జానలు వచ్చింది. స్కానర్ని తిరగేసి మళ్లీ తీశా, ఈసారి ముఖం ముందు.

ల్యాప్‌టాప్‌లో తెరవగానే నాకు ఏడుపొక్కటే తక్కువ. అమ్మమ్మ తెల్లగా ఉంది! మైనం బొమ్మలాగా. వెనక వేపచెట్టు మంచు కురిసినట్టుంది. మామయ్య "అబ్బ, అమ్మ ఏం మెరిసిపోతున్నదిరా" అన్నాడు. అమ్మమ్మ మాత్రం కాసేపు చూసి, "గీమె ఎవరు?" అంది.

ఇన్‌ఫ్రారెడ్. కెమెరాల్లో దాన్ని ఆపే ఫిల్టర్ ఉంటుంది, స్కానర్‌కి అది అక్కర్లేదు, దాని లైట్లలో ఇన్‌ఫ్రారెడ్ ఉండదు కాబట్టి పెట్టరు. నేను ఎండలోకి తెచ్చాను. ఆ వెలుతురులో ఆకులూ తెల్లగానే కనపడతాయి, ఎంత నల్లటి చర్మమైనా తెల్లగానే కనపడుతుంది. ఇన్ని తిప్పలు పడి నేను చేసింది ఇంకో పౌడరు డబ్బా.

అయితే అందులో ఒకటుంది. చెయ్యి దగ్గర పెద్దది చేసి చూస్తే, ఆ తెల్లటి చర్మం మీద మూడక్షరాలు, నిన్న పొడిచినట్టు. పచ్చబొట్టులో మసి ఉంటుంది, మసి ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా నల్లగానే ఉంటుంది. మధ్వాచార్యుల సర్వమూల గ్రంథాల తాళపత్రాల్ని అమెరికాలో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్లు ముకుంద్, ఈస్టన్ ఇదే వెలుతురుతో చదివారని తర్వాత తెలిసింది. నాకప్పుడు ఆ సంగతి తెలీదు. నేను మొదట్నించీ ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతా. ఒక్కో అక్షరం పైకి చదివా. తాత పేరు అమ్మమ్మ ఎప్పుడూ నోటితో పలకదు. నేను మూడో అక్షరం అనేలోపే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాలేజీకి వచ్చి ఫిల్టర్ కోసం వెతికా. పాత స్లైడ్ ప్రొజెక్టర్లలో బల్బుకీ స్లైడ్‌కీ మధ్య వేడిని ఆపే గాజు ఒకటి ఉంటుంది. ఆ వేడంటే ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడే. స్టోర్ రూమ్‌లో మూలపడ్డ ప్రొజెక్టర్ నుంచి ఆ గాజు అడిగి తీసుకున్నా. ఫ్రెండ్ ఒకడు "ఇదంతా ఎందుకు, ఫోన్లో ప్రో మోడ్‌లో రా ఫైల్ తీస్తే పోయేది కదా" అన్నాడు. వాడన్నది చాలావరకు కరెక్టే. వాడికి ఛాయ్ ఇప్పించి ఊరుకోబెట్టా.

సంక్రాంతికి మళ్లీ తీశా. ఈసారి వేపచెట్టు నల్లగా ఉంది. అమ్మమ్మ అమ్మమ్మ రంగులో ఉంది. తెరిచినప్పుడు ఫోన్ ఫోటోలాగే చీకటి. కానీ ఇప్పుడు ఆ చీకటిలో అంకెలున్నాయి. ముంజేతి చర్మం 1,900 దగ్గర, పచ్చబొట్టు 1,520 దగ్గర. మధ్యలో 380 మెట్లు, నాయిస్ 40. కర్వ్ పట్టుకుని మెల్లగా పైకి లాగితే ముందు బుగ్గ ఎముక వచ్చింది. తర్వాత కళ్ల కింద గీతలు, గడ్డం దగ్గర చిన్న కాటు. చేతి మీద అక్షరాలు మసగ్గా, ఇప్పుడు నిజంగా ఎట్లా ఉన్నాయో అట్లా. చారలు పడలేదు, ముద్ద కాలేదు.

అమ్మమ్మ తెర దగ్గరికి ముఖం పెట్టి చూసింది. భుజం అంచు మీద వేలు పెట్టింది.

"గీ వంకరలేంది?"

చూశా. భుజం గీత తిన్నగా లేదు, సన్నటి అలలాగా ఉంది. ఒకటి, రెండు, మూడు, కిందికి వరసగా. స్కానర్ గీత గీతగా దిగుతుంటే ఆమె ఊపిరి తీసుకుంటూ ఉంది, అంతే.

"అవి నువ్వు ఊపిరి పీల్చినవి అమ్మమ్మా."

"అట్లనా" అంది. కాసేపాగి, "మీది దీపం లెక్క" అని తనే నవ్వింది.

ప్రింట్ కోసం మిర్యాలగూడలో స్టూడియోకి వెళ్లా. ఆయన మెషీన్ జేపెగ్ తప్ప ఏదీ తీసుకోదు. 16 బిట్లనీ 8కి దించి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చా. బాధేం వెయ్యలేదు. ఏ మెట్లు ఉంచాలో ఏవి పోవాలో ఈసారి కూర్చుని నేనే ఎంచుకున్నా. రెండు ప్రింట్లు అడిగా, దసరాది చెయ్యి వరకే, సంక్రాంతిది మొత్తం. ఆయన రెండోది తెరవగానే అలవాటు కొద్దీ మౌస్ బ్రైట్‌నెస్ మీదికి పోయింది.

"వద్దన్నా" అన్నా. "అట్లనే ఉంచు."