పొట్టికాళ్ళ తొండ

ఆటల పోటీల రోజు వంద మీటర్ల పందెంలో నేను మళ్ళీ ఆఖరున వచ్చాను. నా కాళ్ళు పొట్టివి. హాస్టల్లో నాకు పెట్టిన పేరు మీకందరికీ తెలుసు, ఇక్కడ రాయను. ఆ సాయంత్రం కంచె మీద తొండ కనిపిస్తే ఉక్రోషంతో రాయి విసిరాను. తగల్లేదు. సైన్సు మాష్టారు చూశారు. కొడతారనుకున్నా. పక్కన కూర్చోబెట్టుకుని వేరే దేశం సంగతి చెప్పారు.

కరీబియన్ సముద్రంలో క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టోరికో అని నాలుగు పెద్ద దీవులున్నాయి. అక్కడ అనోల్ అనే జీవులుంటాయి, చూడ్డానికి చిన్న తొండల్లాగే. కోట్ల ఏళ్ళ కిందట చేరిన కొద్దిపాటి వాటినుంచే ఎన్నో జాతులు పుట్టాయట. నేల దగ్గర, చెట్టు మొదట్లో తిరిగేవాటికి కాళ్ళు పొడుగు. చిటారు కొమ్మల్లో ఉండేవాటికి వేళ్ళ కింద అంటుకునే మెత్తలు పెద్దవి. గడ్డిలో ఉండేవాటికి తోక బారెడు. సన్న పుల్లల మీద నిదానంగా పాకేవాటికి కాళ్ళు పొట్టి!

పుల్లల మీదివి నాలుగు దీవుల్లోనూ ఉన్నాయి. అయినా జమైకా పొట్టికాళ్ళదానికి దగ్గరి చుట్టం క్యూబా పొట్టికాళ్ళది కాదు, జమైకాలోనే ఉన్న పొడుగుకాళ్ళది. 1998లో అచ్చయిన డి.ఎన్.ఏ. పరిశోధనలో తేలింది. అంటే ఏ దీవికా దీవిలో విడిగా అదే రూపం వచ్చింది. నాకు ఇదే అన్నిటికన్నా వింతగా తోచింది.

జొనాథన్ లోసోస్ అనే శాస్త్రవేత్త ఇంకొకరితో కలిసి వీటికి పరుగు పందెం పెట్టాడు. అది 1989లో అచ్చయింది. లావు కర్ర మీద పొడుగుకాళ్ళవే గెలిచాయి. కర్ర సన్నబడేకొద్దీ వాటి వేగం బాగా పడిపోయింది. పొట్టికాళ్ళవాటికి పెద్దగా తగ్గలేదు.

నాకెంత సంతోషమేసిందో! "అయితే కొమ్మల మీద పందెం పెడితే నేనే ఫస్టు గదా సార్" అన్నా.

మాష్టారు నవ్వారు. "ఆ జీవి కోరుకుని కాళ్ళు కురచ చేసుకోలేదురా. పుల్ల మీద నిలిచినవాటి పిల్లలు ఎక్కువ మిగిలాయి, నిలవలేనివాటివి తక్కువ. అట్లా తరతరాలు. నీ కాళ్ళ సంగతి వేరు" అన్నారు.

మనసు చిన్నబోయింది. మాట మార్చి, మన తొండ, గోడ బల్లి, అడవిలో ఉడుము కూడా అలాగే ఒక తల్లి పిల్లలా అని అడిగా. కాదట. అవి ఎంతో ముందే విడిపోయిన వేరు వేరు కుటుంబాలు.

ఆదివారం పొద్దున తొండ మళ్ళీ అదే కంచె మీద ఉంది. కంచె కర్ర లావు, పక్కన ముళ్ళకంప సన్నం. దేని మీదికి పరుగెడుతుందో చూద్దామని కూర్చున్నా. ఎంతసేపటికీ అది కదల్లేదు. వార్డెన్ సార్, టిఫిను దగ్గర లేనని నా పేరు రాసుకున్నారు గదా, జరిగింది ఇదీ.