రి దగ్గర ఒక్క మెట్టు

యుకులేలే నేర్పే పాఠాల్లో మాయామాళవగౌళ స్వరాలు ఎక్కడో చివర, అరుదైన స్కేళ్ల వరుసలో కనిపిస్తాయి. అక్కడ వాటి పేరు ‘డబుల్ హార్మోనిక్’. మనకేమో అదే మొదటి పాఠం! సంగీతం నేర్చుకోవడానికి చాప మీద కూర్చున్న ఏ పిల్లయినా సరళీ స్వరాలు మొదలుపెట్టేది ఈ రాగంలోనే. పురందరదాసు పెట్టిన ఆనవాయితీ అంటారు. 72 మేళకర్తల్లో ఇది 15వది. వాళ్లకు చివరిదీ, మనకు మొదటిదీ అయిన ఈ రాగంతోనే పోయిన వేసవంతా మా ఇంట్లో గడిచింది.

మాది రామన్నపేట. 2016 దాకా నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. మా నాయిన భజనల్లో హార్మోనియం వాయిస్తూ పాడేవాడు. పక్షవాతం వచ్చి ఎడమచేతి పట్టు తప్పింది. మెట్ల మీద కుడిచేయి ఎంత ఆడినా, ఎడమచేత్తో గాలి కొట్టకపోతే హార్మోనియం పలకదు కదా! పెట్టె మీద గుడ్డ కప్పేశాం. గొంతు బాగానే ఉన్నా, తోడు లేనిదే పాడనని మొండికేశాడు.

సెలవులకు హైదరాబాద్ హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి సంచిలోంచి యుకులేలే తీసింది.

“ఇదేంది బిడ్డా, గిటారుకు పుట్టిన పిల్లనా?” అన్నాడు నాయిన.

ఆ మాటలో నిజం లేకపోలేదు. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి హవాయి చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్లు చిన్న గిటారు లాంటి వాయిద్యాన్ని వెంట తీసుకెళ్లారు. యుకులేలే పుట్టింది అందులోంచే. దీనికి నాలుగు తీగలు. ఒకటో శ్రుతిని షడ్జమం అనుకుంటే పైనుంచి కిందికి ప, స, గ, ద. నాయిన పాడేదీ ఒకటో శ్రుతిలోనే. ఇంకేం, తాతా మనవరాలూ కూర్చున్నారు.

మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మోగిస్తే కార్డ్. తనకొచ్చిన కార్డ్స్‌తో అమ్మాయి మొదలుపెట్టింది. ఆరోహణ సాఫీగా సాగింది. దిగేటప్పుడు ‘మ గ రి స’ దగ్గర నాయిన ఠక్కున ఆగిపోయాడు.

“నా రి తోని నీ రి కొట్లాడుతున్నది బిడ్డా.”

కారణం వెతికితే దొరికింది. షడ్జమానికి ముందు అందరూ వేసే జీ సెవెన్ కార్డ్‌లో ప, ని, రి, మ ఉంటాయి. అందులోని రి చతుశ్రుతి రిషభం. నాయిన పాడేది శుద్ధ రిషభం. రెంటికీ తేడా ఒక్క మెట్టు. స తీగ మీద రెండో మెట్టు నొక్కిన వేలిని ఒకటో మెట్టుకు జరపగానే కొట్లాట ఆగిపోయింది!

ఆ ఊపులో అమ్మాయి కాగితం మీద లెక్క వేసింది. ఒక స్వరం వదిలి ఒక స్వరం పట్టుకుంటూ పోవడమే సూత్రం. స గ ప ఒక కార్డ్. రి మ ద ఇంకోటి. చేతి అమరికంతా ఒక్క మెట్టు పైకి జరిపితే మొదటిది రెండోదైపోతుంది. గ ప ని, మ ద స కూడా వేళ్లకు తేలిగ్గానే అందాయి. ఇంకో సంగతీ బయటపడింది. అన్నిటికన్నా కింది తీగ ద కదా, అదీ చతుశ్రుతిదే. ఈ రాగానికి అన్యస్వరం. కాబట్టి ఏ కార్డ్‌లోనూ ఆ తీగను నొక్కకుండా మీటకూడదు.

‘మన సంగీతానికి ఈ కార్డ్స్ అవసరమా?’ అని మీరనొచ్చు. నాకూ ఆ అనుమానం ఉంది. నాయిన రిషభం ఒక్కచోట నిలబడదు, చిన్నగా ఊగుతుంది. కార్డేమో పాతిన గుంజలా కదలదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఆదితాళం ఎనిమిది అక్షరాల్లో మొదటి దానికీ అయిదో దానికీ మీటడం, చివర స దగ్గరికి చేరేముందు రి మీద మెత్తగా ఒకసారి. మిగతాదంతా గొంతుకే వదిలేయడం.

ద స గ కార్డ్ విన్నప్పుడు నాయిన చాలాసేపు తల ఊపాడు. “గడప మీద నిలబడ్డట్టున్నది. లోపలికి రాదు, బయటికి పోదు” అన్నాడు. వెంటనే స గ ప మీటమన్నాడు. మీటింది. “ఆఁ, ఇప్పుడు ఇంట్లకొచ్చింది.”

రెండేళ్ల తర్వాత మా ఇంట్లో పొద్దున్నే పాట వినబడింది. వంటింట్లో పని చేసుకుంటున్న మా ఆవిడ పొయ్యి సన్నం చేసి మరీ వింది.

ఇప్పుడు సెలవు దొరికితే చాలు, అమ్మాయి ఊరికొస్తోంది. తాత రెండో కాలంలో పాడతానంటున్నాడు. అంత తొందరగా వేళ్లు మారడం లేదని అమ్మాయి గోల. తాళం ఎవరికోసమూ ఆగదని ఆయన మాట. పంచాయితీ ఇంకా తెగలేదు.