తడబడే అడుగులు

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒకనాడు మింబర్‌పై ఖుత్బా ఇస్తున్నారు. ఇంతలో పసివారైన హసన్, హుసైన్ (రజి) ఎర్రని చొక్కాలు ధరించి, పడుతూ లేస్తూ అటు రాసాగారు. ఆయన ప్రసంగాన్ని మధ్యలోనే ఆపి, మింబర్ దిగివచ్చి, వారిద్దరినీ ఎత్తుకున్నారు. నసాయీ, తిర్మిజీ గ్రంథాలలోని ఈ హదీసును మేము ఏళ్ల తరబడి మదర్సాలో బోధిస్తూ వచ్చాము. మనవలపై తాతగారి వాత్సల్యానికి నిదర్శనంగా మాత్రమే దానిని వివరించేవారము.

గత ఏడాది మా కుమార్తె కొడుకు మెట్లపై నుండి పడ్డాడు. వాడికప్పుడు పది నెలలు. పటాన్‌చెరులో మేముండే అద్దె ఇల్లు మొదటి అంతస్తులో ఉంది. పాశమైలారంలో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన అల్లుడు నిద్రిస్తున్నాడు. అమ్మాయి వంటగదిలో ఉంది. వరండాలో ఇద్దరు విద్యార్థులకు పాఠం చెబుతున్న మేము, పసివాడు మెట్లవైపు పాకడం చూశాము. ‘ఈ వాక్యం ముగించి లేద్దాం’ అనుకున్నాము. వాక్యం ముగిసేసరికి వాడు నాలుగు మెట్లు దొర్లిపోయాడు.

అల్‌హమ్దులిల్లాహ్, నుదుటి గాయంతో బయటపడ్డాడు. కొందరు అమ్మాయిని తప్పుపట్టారు. కాని చూసిన కళ్ళు మావి కదా! మరికొందరు విధిరాత అని ఓదార్చారు. విధిని మేమూ విశ్వసిస్తాము. అయితే ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని నేర్పినది మన ప్రవక్తే. పిట్టగోడ లేని డాబాపై నిద్రించరాదన్న హెచ్చరిక కూడా అబూదావూద్ హదీసులలో ఉంది.

మన పారిశ్రామిక వాడల అద్దె ఇళ్లలో ఎన్నో మెట్లకు రెయిలింగ్ ఉండదు. యజమాని వేయించేవరకు వేచి ఉండకండి. మెట్ల పైన, కింద గట్టి అడ్డు బిగించండి. కటకటాల సందు నాలుగు అంగుళాలు మించితే జాలీ కట్టండి. నాలుగు నెలలకే బిడ్డ బోర్లా పడవచ్చు. మంచంపై ఒంటరిగా వదలక, నేలపై చాప పరచి పడుకోబెట్టండి. కిటికీ పక్కన మంచం, కుర్చీ ఉంచకండి. చక్రాల వాకర్ కొనకండి. కెనడా 2004లోనే దానిని నిషేధించింది. తలకు దెబ్బ తగిలిన బిడ్డకు వాంతులు, మత్తు, మూర్ఛ కనిపించినా, చెవి ముక్కుల నుండి రక్తంగాని నీరుగాని కారినా తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇప్పుడు మా మెట్లకు చిన్న తలుపు ఉంది. ఆ హదీసు పాఠంలో మేము ఒక మాట అదనంగా చెబుతున్నాము: ఆయన ముందు పిల్లలను ఎత్తుకున్నారు, తరువాతే ఖుత్బా కొనసాగించారు.