పైకప్పు పరీక్ష, నాయకుని పరీక్ష
మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లోని సింగరేణి భూగర్భ గనుల్లో మైనింగ్ సర్దార్, అంటే తనకు అప్పగించిన పని ప్రదేశపు భద్రతకు చట్టరీత్యా బాధ్యత వహించే పర్యవేక్షకుడు, పైకప్పును తట్టి, వెలువడే శబ్దాన్నిబట్టి అది గట్టిగా ఉన్నదో డొల్లబారిందో గ్రహిస్తాడు. ప్రమాదం తోచినప్పుడు కార్మికులను అక్కడినుంచి తప్పించవలసిన విధిని 2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు అతనిపై ఉంచాయి. అయితే ఉత్పత్తి లక్ష్యం తరుముతున్న వేళ, ఒక సాధారణ కార్మికుడు “రూఫ్ బాగాలేదు” అని హెచ్చరిస్తే, సర్దార్ తాను పొరబడనన్న భావనను, అంటే అహాన్ని, పక్కనపెట్టి ఆ మాట వినగలగడం ఏ నిబంధనా నేర్పలేనిది. అది ప్రతి షిఫ్టులోనూ వినడం, సరిచూడడం అనే అభ్యాసంవల్ల ఏర్పడే శీలం. పని ఆపగల ధైర్యాన్నీ, మాట వినగల వినయాన్నీ అధికారం ఉన్న ప్రతి ఒక్కరూ అలవరచుకోవాలి.