నాలుగు దారుల కార్డు

మూకీ సినిమాల రోజుల్లో తెరమీదికి విలన్ రాగానే, హాల్లో పియానో వాయించే ఆయన గజగజలాడే కార్డు ఒకటి కొట్టేవాడట. దాని పేరు డిమినిష్డ్ సెవెంత్. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే నాకూ చాలాకాలం అది విలన్ కార్డే!

1986లో వచ్చిన ‘రౌండ్ మిడ్‌నైట్’ సినిమా చూశాక జాజ్ పిచ్చి పట్టింది. అందులో హీరో డెక్స్‌టర్ గోర్డన్ నిజజీవితంలోనూ శాక్సఫోన్ విద్వాంసుడే. సంగీతానికి హెర్బీ హాంకాక్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ పిచ్చిలోనే మా సీనియర్ గిటారిస్టుని పట్టుకుని ఈ కార్డు గుట్టు అడిగాను.

“చాలా సింపుల్ రా! బి నొక్కు. అక్కణ్ణించి మూడేసి మెట్లు ఎక్కు. డి, ఎఫ్, ఏ ఫ్లాట్. యింకో మూడెక్కితే మళ్ళీ బి. నాలుగూ సమానదూరంలో వున్నాయి, అంచేత యిందులో పెద్దా చిన్నా లేరు. వున్నవి పన్నెండు మెట్లేగా, యిలాంటి కార్డులు మొత్తం మూడే!”

బెజవాడ జంక్షన్ లాంటిదన్నమాట. బి మీంచి అర మెట్టు ఎక్కితే సి శ్రుతి. డి మీంచి ఎక్కితే ఈ ఫ్లాట్, ఎఫ్ మీంచి అయితే జి ఫ్లాట్, ఏ ఫ్లాట్ మీంచి అయితే ఏ. ఒక్క కార్డు, నాలుగు దారులు!

యిలాంటి కార్డులు రెండు కలిపితే ఎనిమిది స్వరాల స్కేలు. మన మేళకర్తకి ఏడే కదా! అర మెట్టు, నిండు మెట్టు, మళ్ళీ అర... జాజ్ వాళ్ళు జి సెవెంత్ మీద దీన్ని పరుగెత్తించి, చటుక్కున సి మీద వాలతారు. అలా వాలితేనే అందం. వాలకుండా తిరుగుతూనే వుంటే కుట్టుమిషను చప్పుడే!

ఇదంతా నాకు అక్కరకొచ్చింది ఒక రిసెప్షన్‌లో. మా సింగర్ అన్నయ్యకి జ్వరం. అయినా పాడకపోతే ఆ నెల యింటద్దె లేదు. సి శ్రుతిలో పల్లవి ఎలాగో లాక్కొచ్చాడు. మొదటి చరణంలో గొంతు జీరబోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. రెండో చరణం యింకా పైకి వెళ్ళాలి. అన్నయ్య నా వైపు చూసిన చూపు యిప్పటికీ మరిచిపోలేను.

మధ్యలో వచ్చే మ్యూజిక్‌లో బి డిమినిష్డ్ నొక్కి పట్టుకున్నాను. గిటారిస్టు వైపు తిరిగి “ఏ!” అని అరిచాను. సి మీద వాలాల్సిన పాట ఏ మీద వాలింది. మూడు మెట్లు కిందికి! అన్నయ్య చెవి గట్టిది, పట్టేశాడు. చివరిదాకా హాయిగా పాడాడు. చప్పట్లే చప్పట్లు.

స్టేజి దిగాక భుజమ్మీద చెయ్యేసి, “ఏం చేశావురా తమ్ముడూ?” అన్నాడు.

“ఏం లేదన్నయ్యా, విలన్ చేత హీరో వేషం వేయించాను” అన్నాను.