వెలుగు వేళ, వంట వేళ

ఫోటోలకి మంచి వెలుగు పొద్దున్నే ఉంటుంది. ఇడ్లీలకీ అదే వేళ. చెట్లనీ పిట్టలనీ ఫోటో తీయడం నేర్చుకుంటున్న ఈ ఏడాదిన్నరలో నాకు ఎదురైన అసలు చిక్కు ఇదే.

కెమెరా మా తమ్ముడిది. కొత్తది కొనుక్కుని పాత డీఎస్సెల్లార్ నాకిచ్చాడు. "మూడు సంగతులు తెలిస్తే చాలక్కా" అన్నాడు. వెలుగు లోపలికొచ్చే కన్నం ఎంత, అది ఎంతసేపు తెరుచుకుని ఉంటుంది, వచ్చిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుంది. ఎపర్చరు, షట్టర్ స్పీడు, ఐఎస్ఓ. నాకు వెంటనే పులుసు గుర్తొచ్చింది. చింతపండు ఎక్కువైతే ఉప్పూ బెల్లమూ సర్దుకుంటాం కదా, ఇక్కడా అంతే. ఒకటి మారిస్తే మిగతా రెండూ చూసుకోవాలి.

అవి నెలలో వచ్చేశాయి. టైమే దొరకలేదు.

బీఏ తెలుగులో అష్టాదశ వర్ణనల గురించి చదివాను. ఋతువర్ణన వాటిలో ఒకటి. ఆరు ఋతువుల పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ ఏ నెలలో ఎన్నింటికి తెల్లారుతుందో కెమెరా పట్టుకున్నాకే గమనించాను. మా గుంటూరులో మే నెలాఖరుకి 5.35కే సూర్యుడు వచ్చేస్తాడు. జనవరిలో 6.40 దాకా రాడు. గంటకు పైగా తేడా! ఆ గంట మీదే నా ఫోటోలన్నీ ఆధారపడ్డాయి.

వేసవిలో సూర్యుడు నా పక్షం. మా అమ్మాయికి కాలేజీ లేదు, నాకు కేరేజీల హడావిడి లేదు. ఇంట్లోవాళ్ళు లేచేలోపు వీధి చివర రేల చెట్టు దగ్గరికి వెళ్ళి వచ్చేదాన్ని. ఏటవాలు ఎండ పడితే ఆ పసుపు గుత్తులు లోపలినుంచి వెలుగుతున్నట్టు ఉంటాయి. ఎనిమిది దాటిందా, ఎండ నెత్తికెక్కి నీడలు నల్లబడిపోతాయి, పువ్వు రంగు వెలిసిపోతుంది.

వానాకాలం ఇంకా తీరిక. మబ్బు పడితే ఆకాశమంతా కిటికీకి తెల్ల పరదా కట్టినట్టే. కటిక నీడలుండవు, ఆకుపచ్చ ముదురుగా వస్తుంది. సాయంత్రం టీలు అయ్యాక డాబా మీదకి వెళ్ళినా తూనీగలు దొరుకుతాయి. వెలుగు తక్కువ కాబట్టి ఐఎస్ఓ 800కో 1600కో పెంచుకోవాలి. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తెస్తే లెన్సుకి ఆవిరి పడుతుంది. సంచీతో సహా కాసేపు వసారాలో ఉంచి, తర్వాత బయటికి తీస్తే ఆ బాధ లేదు.

చిక్కంతా చలికాలంతోనే. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ నిండా ఉండే రోజులవి. సూర్యుడు 6.40కి వస్తాడు. కేరేజీలు ఏడున్నరకి గుమ్మం దాటాలి. ఇక ఆదివారం ఒక్కటే మిగిలింది. "ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర దాకా నేను ఇంట్లో ఉండను" అని చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో నాకంటూ అడిగిన మొదటి సమయం అది. మావారు "ఉప్మా నేను చేస్తాలే" అన్నారు. అత్తగారు మాత్రం "ఏమొస్తుందమ్మా దాంతో?" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. ఆవిడ తెల్లవారుజాములన్నీ పొయ్యి ముందే గడిచిపోయాయి. తనకంటూ ఒక గంట అడగొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

చీటీ డబ్బులతో 55-250 లెన్సు కొనుక్కుని స్కూటీ మీద వెళ్ళాను. ఎగిరే పక్షికి షట్టర్ స్పీడు సెకనులో వెయ్యో వంతు పెడితేనే రెక్కలు చెదరకుండా వస్తాయి. తెల్ల పక్షి వెనక ముదురు రంగు నీళ్ళో చెట్లో ఉంటే, కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, ఈకలు సున్నం పూసినట్టయిపోతాయి. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే ఒక్కో ఈకా కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఫోటోలు టీవీలో పెట్టాను. ఎర్రకాళ్ళ కొంగ తోక దగ్గరి గులాబీ రంగు చూసి అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నిజంగా ఆ రంగేనా, నువ్వు వేశావా?" అన్నారు. తర్వాత తనంతట తానే, చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువుగట్టు మీది చింతచెట్ల గురించీ, వాటి మీద కొంగల గూళ్ళ గురించీ చాలాసేపు చెప్పారు. ఇన్నేళ్ళలో ఆ చెరువు సంగతి నేనెప్పుడూ వినలేదు.

మొన్న ఆదివారం మావారు ఊళ్ళో లేరు. ఇక వెళ్ళడం కుదరదులే అనుకుని తెల్లారుజామునే కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. అత్తగారు వచ్చి నిలబడ్డారు.

"అది ఇటివ్వు. ఎండ ముదిరాక వెళ్ళి ఏం చేస్తావ్?"